అనధికార ఎముక

సోమరాయపురం మునిసిపల్ కమిషనర్ పరాంకుశం గారు మూడు రోజుల శిక్షణకని రాజధానికి వెళ్ళి, నాలుగో రోజు కుక్కల పళ్ళ గురించి ఆలోచిస్తూ తిరిగొచ్చారు. అప్పటికి ఊళ్ళో కుళాయి నీళ్ళు రెండు రోజులకొకసారి వస్తున్నాయి, వీధి దీపాలు కొన్ని పగలే వెలుగుతున్నాయి. ఆ రెండింటి మీదా ఆయన లోగడ శిక్షణ పొంది ఉన్నారు కనుక అవి పరిష్కారమైపోయినట్టే లెక్క.

ఈసారి శిక్షణలో ఒక పశువైద్యుడు మాట్లాడాడు. కుక్కకు అప్పుడప్పుడూ మాంసం అంటుకున్న పచ్చి ఎముక వేస్తే, నమిలేటప్పుడు పళ్ళ మీది గార దానంతటదే రాలిపోతుందనీ, చిగుళ్ళు గట్టిపడతాయనీ, వండిన ఎముక మాత్రం పెళుసుగా చీలి గొంతులో గుచ్చుకుంటుంది కనుక వెయ్యకూడదనీ చెప్పాడు. చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు. అంత మంచి మాటను అంత తేలిగ్గా వదిలెయ్యడం పరాంకుశం గారి వల్ల కాలేదు.

పాత మార్కెట్టులో మాంసం కొట్టు పెట్టుకున్న నాగుల్ మీరాకు ఈ సంగతి ఇరవై ఏళ్ళుగా తెలుసు. అదొక సంగతని మాత్రం తెలియదు. పొద్దున్నే పొట్టేలును కొయ్యగానే మెడ ఎముక ఒకటి, నాలుగు వేళ్ళ మాంసం ఉంచి, మెట్టు కింద కూర్చున్న సుబేదారుకు వేసేవాడు. సుబేదారు తొమ్మిదేళ్ళ గోధుమరంగు కుక్క. మీసాల్లేకపోయినా మీసాలున్నట్టు చూసేది కాబట్టి ఆ పేరు పడింది. మీరా భార్య బీబీజాన్ దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. గడప అవతల మాత్రం పాలలో నానేసిన రస్కులు పెట్టేది, పెట్టిన సంగతి మొగుడికి చెప్పేది కాదు. వాళ్ళకు పిల్లల్లేరు. సుబేదారు తమదని ఆ ఇద్దరూ ఎన్నడూ అనలేదు గానీ, అది ఒకపూట కనపడకపోతే ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

శిక్షణ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున పరాంకుశం గారు శానిటరీ ఇన్‌స్పెక్టర్ శేషఫణిని వెంటేసుకుని మార్కెట్టు తనిఖీకి వచ్చారు. సరిగ్గా అప్పుడే సుబేదారుకు ఆవులింత వచ్చింది. తొమ్మిదేళ్ళ కుక్క నోట్లో పళ్ళు మల్లెమొగ్గల్లా మెరిశాయి. కమిషనర్ గారు నిలబడిపోయారు.

"ఈ శునకం దంతధావనానికి ఏమి వాడుతోంది?" అన్నారు.

"వాడేదేముందండీ, బొమికేస్తానండి. మెడ బొమిక," అన్నాడు మీరా.

"పచ్చిదా, వండినదా?"

"కుక్కకి వండిపెట్టేదెవరండీ. నాకే మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు పప్పుచారు."

పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది. శేషఫణి సుబేదారు పెదవి పైకెత్తించి సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. ఎత్తినవాడు మీరాయే. ఇంకెవరైనా ఎత్తితే ఫొటో వేరేగా వచ్చి ఉండేది.

పది రోజుల్లో శునక దంత సంరక్షణ పథకం అమల్లోకి వచ్చింది. దానికొక కమిటీ వేశారు. ఐదుగురు సభ్యుల్లో నలుగురు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టనివాళ్ళు. నిష్పాక్షికత కోసం అలా ఎంచారు. వాళ్ళు తయారుచేసిన ఏడు పేజీల సర్క్యులర్‌ను శేషఫణి మాంసం కొట్లవాళ్ళందరినీ నిలబెట్టి చదివి వినిపించాడు.

"'ఎముక' అనగా సంఘముచే ధ్రువీకరింపబడి, పచ్చిదై, మాంసయుతమై, తొమ్మిది అంగుళములకు మించని అస్థి. తద్భిన్నమైన ఎముకలన్నియు అనధికార ఎముకలుగా పరిగణింపబడును. అనధికార ఎముకను శునకమునకు వేయుట, వేయించుట, వేయుచుండగా చూచి ఊరకుండుట శిక్షార్హము. మొదటి తప్పునకు తాఖీదు. రెండవ తప్పునకు కొట్టు లైసెన్సు రద్దు."

"అంటే ఏందంటారండీ?" అన్నాడు మీరా.

"అంటే ఇకమీదట కుక్కలకు ఎముకలు వేసేది మేము. నీకా శ్రమ తప్పించాం."

ప్రతి కొట్టూ తొమ్మిది గంటలలోపు ఎముకలన్నీ కేంద్రంలో అప్పగించాలి. కేంద్రం అంటే పాత మునిసిపల్ గ్రంథాలయం. పుస్తకాలు ఎప్పుడో వరండాలోకి వచ్చేశాయి కనుక బీరువాలు ఖాళీగానే ఉన్నాయి. మాంసం కొనుక్కునేవాళ్ళు మాత్రం గోల పెట్టారు. ఎముక లేని కూరకు రుచేముందని వాళ్ళ బాధ. కమిటీ కూర్చుని దానికీ ఒక దారి చూపింది. ఎముక కావలసిన ప్రతివారూ "ఈ ఎముక నా స్వంత నమలడం నిమిత్తం" అని రాసి సంతకం పెట్టాలి. ఆదివారం పూట మీరా కొట్టు ముందు వరస పెరిగిపోయింది. చదువురానివాళ్ళు వేలిముద్ర వేసి నల్లి ఎముక పట్టుకెళ్ళారు.

తరువాత లబ్ధిదారుల ఎంపిక జరిగింది. మునిసిపల్ హైస్కూలు ఆవరణలో శిబిరం పెట్టి ఊళ్ళో కుక్కలన్నిటినీ పేర్లతో రిజిస్టరెక్కించి, వాటి పళ్ళను నాలుగు తరగతులుగా విభజించారు. పళ్ళు ఎంత పాడైతే అంత ముందు ఎముక. ఈ లెక్కన జాబితాలో అగ్రస్థానం పళ్ళు బొత్తిగా లేని పదమూడు ముసలి కుక్కలకు దక్కింది. ఒక్క ఆరోగ్యకరమైన పన్ను కూడా లేదు కనుక వాటికంటే వెనకబడినవి ఊళ్ళో లేవు. వారం తిరిగేసరికి వాటి ముందు ముద్ర వేసిన ఎముకలు కుప్పపడ్డాయి. అవి ఎముకలను ముద్దుగా నాకి, వాటి మీద తల పెట్టుకుని పడుకునేవి.

సుబేదారు వంతు వచ్చింది. శేషఫణి చూసి, "సంపూర్ణ ఆరోగ్యం. అనర్హం," అని రాసుకున్నాడు.

"అయ్యా, బొమికలు తినబట్టేగదా దాని పళ్ళు అట్టా ఉన్నయ్యి," అన్నాడు మీరా.

"ఉన్నాయి కదా? మరి లక్ష్యం చేరినవారికి మళ్ళీ సాయం ఎందుకు? వనరులు పక్కదారి పడతాయి."

"తినకపోతే పాడైపోతయ్యి గదండీ."

"పాడయ్యాక రా. పథకం ఉన్నది పాడైనవాటి కోసమే."

మీరా వారం రోజులు ఓర్చుకున్నాడు. సుబేదారు రోజూ పొద్దున్నే మెట్టు కింద కూర్చుని, కత్తి చప్పుడుకు చెవులు రిక్కించి, ఎముకలన్నీ కేంద్రంవాళ్ళ నీలం డబ్బాలోకి వెళ్ళిపోతుంటే ఆ డబ్బా వంక చూసేది. ఎనిమిదో రోజు మీరాకు ఇక చెయ్యి ఆగలేదు. అటూ ఇటూ చూసి ఒక మెడ ఎముక కిందకి జారవిడిచాడు. సుబేదారు దాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని సరిగ్గా సర్దుకునే వేళకు మార్కెట్టు మలుపులో శేషఫణి మోటారు సైకిలు ఆగింది.

అనధికార ఎముకను స్వాధీనం చేసుకోవాలంటే పంచనామా రాయాలి. పంచనామా రాయాలంటే ఎముక చేతిలో ఉండాలి. ఎముక సుబేదారు నోట్లో ఉంది. శేషఫణి ఒక అడుగు ముందుకు వేశాడు. సుబేదారు గొంతులోంచి ఒక మాట అంది. శేషఫణి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగిస్తోంది. నువ్వు తీసివ్వు," అన్నాడు మీరాతో.

"నోటికాడ కూడు నేనెట్టా తియ్యనండీ?"

"తియ్యకపోతే ఇదే రెండో తప్పుగా కూడా రాస్తాను. కొట్టుకు తాళం నీ చేత్తోనే వేసిస్తావా?"

మీరా మెట్టు దిగి గొంతుకూర్చున్నాడు. చెయ్యి చాపి, "ఇటివ్వరా అయ్యా," అన్నాడు. సుబేదారు అతని ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు, గుర్రుమనలేదు, నోరు తెరిచి ఎముకను అతని అరచేతిలో వదిలేసింది. పైగా తోక ఆడించింది, ఇంకేదో మంచిది ఇస్తాడనుకుని. మీరా ఆ పూట అన్నం తినలేదు. బీబీజాన్ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. తొమ్మిదేళ్ళ నమ్మకాన్ని ఒక సర్క్యులర్ చేతిలో పెట్టానని చెప్పుకోవడానికి అతనికి సిగ్గేసింది.

ఆ తరువాత రెండు నెలలు సుబేదారు రస్కుల మీదా, పెరుగన్నం మీదా బతికింది. మెత్తటి తిండి పళ్ళకు అంటుకుని గార కట్టింది. కుడి దవడ చిగురు వాచింది. నోరు వాసన కొట్టసాగింది. అది ఎడమ వైపే నమలడం మొదలుపెట్టి, కొన్నాళ్ళకు ఆ వైపూ మానేసి, గిన్నె ముందు తల వంచుకు కూర్చునేది. పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, గార గీకి, మందిచ్చి పంపింది. "ఇది మళ్ళీ రాకుండా ఉండాలంటే నమలాలి మీరా గారూ. ముందు మెత్తటి పక్కటెముకలు, తర్వాత మెడ ఎముకలు వెయ్యండి. పచ్చివే సుమా," అంది. ఎవరికి చెబుతున్నదో ఆమెకు తెలియదు పాపం.

చిగురు ఇంకా ఎర్రగా ఉండగానే మీరా సుబేదారును తీసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాడు.

"పాడయ్యాక రమ్మన్నారు. వచ్చానండి," అన్నాడు.

శేషఫణి దాని నోరు చూసి ఎంతో సంతోషించాడు. ఫొటో తీశాడు. నాలుగు రోజుల్లో ఎముక మంజూరవుతుందని మీరా ఎదురుచూశాడు. నాలుగో రోజు ఆఫీసు ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. ఎడమ వైపు సుబేదారు వాచిన చిగురు, దాని కింద 'పథకానికి ముందు' అని. కుడి వైపు సుబేదారు మల్లెమొగ్గల పళ్ళు, 'పథకం తరువాత' అని. నడుమ చేతులు జోడించిన పరాంకుశం గారు.

మీరా పరుగెత్తినట్టే లోపలికి వెళ్ళాడు. "సార్, అది తిరగబడిందండీ. ఆ మంచి ఫొటో ముందుదండి, ఈ వాచింది తర్వాతదండి."

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలి చిరునవ్వు నవ్వారు. "చూడు మీరా, ఏది ముందు, ఏది తరువాత అన్నది నిర్ణయించడానికి ప్రభుత్వానికొక పద్ధతి ఉంటుంది. పథకం వల్ల మేలు జరుగుతుంది. ఇది మౌలిక సూత్రం. కాబట్టి మంచి ఫొటో తరువాతిదే అయి ఉండాలి. నువ్వు చెప్పినట్టు పెడితే పథకం వల్ల కుక్క నోరు పాడైందనే అపార్థం రాదూ?"

"అట్టాగే జరిగిందండీ మరి."

"నీ కుక్క రాష్ట్రస్థాయి ఉదాహరణ అయింది. నయమైపోయిన కుక్కకు మళ్ళీ ఎముక మంజూరు చేస్తే అది నయం కాలేదని మేమే ఒప్పుకున్నట్టు. నువ్వు చదువుకోలేదు గానీ ఆలోచించు."

మీరా ఆలోచిస్తూ మెట్లు దిగాడు. జనన మరణాల విభాగం ముందు అతని కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ కూర్చునే సువార్తమ్మ అతని కొట్టుకు పాతికేళ్ళుగా వస్తున్న మనిషి. ప్రతి ఆదివారం ప్రార్థనయ్యాక అరకిలో కైమా పట్టుకెళ్ళేది. ఆమె అతని ముఖం చూసి బల్ల పక్కన కుర్చీ లాగింది.

"సర్క్యులర్ నేనే టైపు కొట్టాను మీరా భాయ్. అది రిజిస్టర్లో పేరున్న కుక్కలకే వర్తిస్తుంది. పేరు లేకపోతే ఆ రూలూ లేదు," అంది.

"పేరు ఎట్టా పోద్దమ్మా?"

"నాకు తెలిసి ఒక్కటే దారి. చచ్చిపోతే పోతుంది."

మీరా ముఖం పాలిపోయింది. సువార్తమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంది, "నేను చావమన్లేదయ్యా. చచ్చిపోయిందని రాయిద్దాం అంటున్నా. ఈ ఆఫీసులో ఆ రెండూ ఒకటి కాదు. చచ్చిపోయిన వార్డుమెంబరుకు మూడేళ్ళుగా ఇంకా నోటీసులు పోతానే ఉన్నయ్యి."

మరణ విచారణకు శేషఫణే రావాలి. అతను వస్తాడా, వచ్చి సంతకం పెడతాడా అని మీరాకు ఆ రాత్రంతా అనుమానమే. నిజానికి శేషఫణి బాధ శేషఫణికి ఉంది. పథకం కింద ఒక్కొక్క కుక్కకూ నెలనెలా ఇరవై ఏడు గడులు నింపాలి. ఊళ్ళో కుక్కలు ఆరు వందల పైచిలుకు. అతని భార్య పుట్టింటికి వెళ్ళి నెలైనా అతను ఇంకా గమనించలేదు. ఒక కుక్క తగ్గితే ఇరవై ఏడు గడులు తగ్గుతాయన్న ఆశతో అతను మర్నాడే, మధ్యాహ్నం ఎండవేళ కొట్టు దగ్గరికి వచ్చాడు. సుబేదారు మెట్టు కింద పక్కకు వాలి నిద్రపోతోంది.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు పెన్ను తీసి.

"మీరు బొమిక గుంజుకున్ననాడేనండి," అన్నాడు మీరా. ఆ ఒక్క మాటా అబద్ధం కాదనిపించింది అతనికి.

"కారణం, వృద్ధాప్యం," అని శేషఫణి రాస్తుండగా సుబేదారుకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచి, తెలిసిన మనిషే కదా అన్నట్టు తోకను నేల మీద రెండుసార్లు కొట్టింది. శేషఫణి పెన్ను ఆగింది. కాయితాన్ని పై నుంచి కిందకి, కింది నుంచి పైకి చూశాడు.

"తోకకు సంబంధించిన గడి ఇందులో లేదు," అని సంతకం పెట్టేశాడు.

"మరి, బొమిక..."

"చనిపోయిన కుక్కకు ఎముక వెయ్యకూడదని సర్క్యులర్‌లో ఎక్కడా లేదు. కుక్క లేని చోట పడేసిన ఎముక చెత్త కిందికి వస్తుంది. చెత్త ఒకటీ అరా పారేసుకోవచ్చు."

ఆ సాయంత్రమే మీరా లేత పక్కటెముక ఒకటి పారేశాడు. సుబేదారు వెంటనే అందుకోలేదు. ముందు ఎముక వంక, తరువాత అతని చేతి వంక చూసింది. మీరా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "తీసుకోడయ్యా ఎవడూ. తిను," అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటికి అది మెల్లగా నోట కరుచుకుని కొట్టు పక్కన ఆపి ఉన్న బండి కిందకి వెళ్ళింది.

మార్కెట్టులో రహస్యాలు నిలవవు. మర్నాడు టీకొట్టు పోలయ్య కుక్క పోయింది. ఆ తరువాత కోళ్ళఫారం ఏసోబు కుక్కలు ఐదూ ఒకే పూట పోయాయి. విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు కనకదుర్గాంబ గారు తన బొచ్చుకుక్కను పక్కన కూర్చోబెట్టుకుని, దాని మరణవార్తను మంచి గ్రాంథికంలో స్వయంగా రాసిచ్చారు. పళ్ళులేని పదమూడింటినీ పెంచుకునేవాళ్ళు కూడా, ఎముకల మీద పడుకుని వాటి మెడలు పట్టేస్తున్నాయని చెప్పి, పేర్లు తీయించేశారు. వీధికుక్కలకు దిక్కెవరని ఎవరో అంటే, వాటి సంతాపం వార్డులవారీగా శేషఫణే చూసుకున్నాడు. నలభై రోజుల్లో సోమరాయపురంలో కుక్క అన్నది కాయితం మీద లేకుండా పోయింది. కుక్కల్లేవు కనుక నీలం డబ్బాలు రావడమూ ఆగిపోయింది. శేషఫణి చాలాకాలానికి ఇంటికి పెందరాళే వెళ్ళి, భార్య లేదని కనిపెట్టి, ఆమెను పిలుచుకొచ్చాడు.

అప్పటికి పథకం రాష్ట్రమంతా పాకింది. మూడు నెలలకొకసారి పంపే నివేదిక పరాంకుశం గారి బల్ల మీదకు వచ్చింది. పైవాళ్ళు పంపిన నమూనాలో అడిగింది ఒక్కటే, దంతవ్యాధితో బాధపడుతున్న శునకాలు ఎన్ని అని. లెక్క తేలింది సున్నా. రాష్ట్రంలో ఇంకే ఊరూ సున్నాకు దరిదాపుల్లో లేదు. కుక్కలు ఎన్ని అన్న ప్రశ్న నమూనాలో లేదు కనుక ఆయన జవాబు ఇవ్వలేదు.

బహుమతి ఇవ్వడానికి రాజధాని నుంచి మునిసిపల్ శాఖ డైరెక్టరు అనసూయాదేవి గారు స్వయంగా వచ్చారు. పథకం పుట్టిన చోటు అని పాత మార్కెట్టులోనే వేదిక వేశారు. వేదిక మీద పూలు, షీల్డు, ఫ్లెక్సీ. ఎదురుగా కుర్చీల్లో పెద్దమనుషులు. కుర్చీల మధ్యా, వెనకా, కొట్ల మెట్ల కిందా, పొద్దుటి ఎముక కోసం వచ్చి కదలకుండా కూర్చున్న వందకు పైగా కుక్కలు. ఆ రోజు ఆదివారం.

అనసూయాదేవి గారు షీల్డు అందుకుని, ఇవ్వబోయి ఆగారు. "కమిషనర్ గారూ, మీ రిజిస్టరు చివరి పేజీ నేను ఇప్పుడే చూశాను. అందులో కుక్కలు నిల్ అని ఉంది. మరి ఇవన్నీ ఏమిటి?"

పరాంకుశం గారు శేషఫణి వంక చూశారు. శేషఫణి రిజిస్టరు వంక చూశాడు. మీరా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ ఒక్క మాట అంటే చాలు, పేర్లన్నీ మళ్ళీ రిజిస్టరెక్కుతాయి, నీలం డబ్బా మళ్ళీ వస్తుంది, సుబేదారు నోట్లోంచి మళ్ళీ తన చేత్తో తియ్యాలి. ఈసారి తియ్యనని, కొట్టు పోతే పోనిమ్మని అతను అప్పుడే, అక్కడే అనుకున్నాడు.

"రికార్డు ప్రకారం ఇవి..." శేషఫణి గొంతు సవరించుకున్నాడు, "కీర్తిశేషులు మేడమ్."

అనసూయాదేవి గారిది ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఆవిడ ఎదురుగా ఉన్న కుక్కలను ఒకసారి, రిజిస్టరు మీది గుండ్రటి ముద్రను ఒకసారి చూశారు. ముద్ర స్పష్టంగా ఉంది. ఆవిడ షీల్డును బల్ల మీద పెట్టేశారు.

"ఇంత నష్టం జరిగిన ఊళ్ళో ముందు సన్మానాలేమిటండీ, బాగుండదు. అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నారు.

వేదిక లేచింది. కుర్చీలు లేచాయి. సువార్తమ్మ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుంది. కనకదుర్గాంబ గారు బొచ్చుకుక్కను చంకనెత్తుకుని నిలబడ్డారు. మీరా కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కొట్టు బయటికి వచ్చి తల వంచుకున్నాడు. ఇలాంటప్పుడు మైకు కూడా గురగురలాడదు. ఆ నిశ్శబ్దంలో బండి కింద నుంచి మెడ ఎముక పటపటమని విరిగే చప్పుడు వేదిక దాకా వినపడింది.

వంచిన తల వంచినట్టే ఉంచి మీరా కిందికి చూశాడు. సుబేదారు ఎముకను రెండు కాళ్ళ మధ్య నొక్కిపట్టి, కళ్ళు సగం మూసుకుని కుడి దవడతో కొరుకుతోంది. ఆ వైపు నమిలి ఎన్ని నెలలైందో అతనికి తెలుసు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. పక్కనే నిలబడిన శేషఫణి అది చూసి కదిలిపోయి, మీరా భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యం తెచ్చుకో. అందరికీ ఉన్నదే," అని చెవిలో చెప్పాడు.